ఈ వారం పాఠం ఎవరిది?

పదవీ విరమణ చేసినవారు ఒకచోట చేరి నేర్చుకునే క్లబ్బుల గురించి మీ సందేహాలు రాయమని కిందటి సంచికలో అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే గోడు: సంఘం ఉంది, మనుషులు రావడం లేదు. అందుకే ఆ ప్రశ్నకు ఎక్కువ చోటిస్తున్నాను. నేను లెక్కల టీచరుగా పనిచేసి విరమించాను. ఇప్పుడు అలాంటి క్లబ్బు ఒకదానిలో సభ్యురాలిని. అక్కడ చూసిన సంగతులు కొన్ని, చదివి తెలుసుకున్నవి కొన్ని ఈ జవాబుల్లో ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మా విశ్రాంత ఉద్యోగుల సంఘానికి నేను కార్యదర్శిని. నెలకోసారి సమావేశం పెట్టి, ఎవరో ఒక ప్రముఖుణ్ణి పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తాం. మొదట్లో హాలు నిండేది. ఇప్పుడు ముందు వరుసలు కూడా ఖాళీగా ఉంటున్నాయి. మంచి వక్తల జాబితా ఏదైనా ఉంటే పంపగలరా?
– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి

జవాబు: కార్యదర్శి గారూ, జాబితా పంపడం కష్టం కాదు. కానీ దానివల్ల మీ హాలు నిండుతుందన్న నమ్మకం నాకు లేదు. మీరు జతచేసిన కిందటి నెల నివేదిక చదివాను. అందులో వక్త పేరుంది, అధ్యక్షుల పేరుంది, వందన సమర్పణ చేసినవారి పేరుంది. వచ్చిన సభ్యుల్లో ఎవరు ఏమి అడిగారో, ఎవరికి ఏమి తెలుసో ఒక్క ముక్క కూడా లేదు. చిక్కు అక్కడ ఉంది. జీవితమంతా నలుగురి సమస్యలు తీర్చినవాళ్లు, ఇంజన్లు విప్పి బిగించినవాళ్లు, రాత్రి డ్యూటీల్లో రోగుల ప్రాణాలు కాచినవాళ్లు మీ కుర్చీల్లో కూర్చుంటున్నారు. వాళ్లకు మీరు అప్పగించిన పని చప్పట్లు కొట్టడం. ఎన్ని నెలలు వస్తారు చెప్పండి?

ఈ విషయంలో మనకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పియెర్ వెల్లాస్ అనే ఆచార్యుడు విరమణ చేసినవారి కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలుపెట్టారు. అక్కడ విశ్వవిద్యాలయ అధ్యాపకులు పాఠం చెబుతారు, పెద్దలు విని నేర్చుకుంటారు. ఆ ఆలోచన 1980ల మొదట్లో ఇంగ్లండు చేరేసరికి రూపు మార్చుకుంది. కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, ఆయనతోపాటు మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ దానికి వేరే దారి వేశారు. జీతమిచ్చి అధ్యాపకులను తెచ్చే పని లేదు. నేర్పేవారూ సభ్యులే, నేర్చుకునేవారూ సభ్యులే. పరీక్షలు లేవు, పట్టాలు లేవు, చేరడానికి చదువు అర్హత లేదు. పెద్ద విశ్వవిద్యాలయం అండ ఉన్నచోట ఫ్రెంచి పద్ధతి చక్కగా సాగుతుంది. మీ సంఘానికి మాత్రం రెండో దారే సరైనదని నా గట్టి అభిప్రాయం.

ఎలా మొదలుపెట్టాలంటారా? వచ్చే సమావేశంలో వక్తను పిలవకండి. సభ్యులకు తలా ఒక కాగితం ఇచ్చి, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఎవరి కాగితం వాళ్లు నింపకూడదు. పక్కవారిని అడిగి, వారికి ఏమి వచ్చో, ఏమి నేర్చుకోవాలని ఉందో రాయాలి. ఈ చిన్న మెలిక ముఖ్యం. వేదిక మీద నుంచి "ఎవరికేమి తెలుసో చెప్పండి" అని అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. తన గురించి తాను చెప్పుకోవడానికి మనవాళ్లకు మొహమాటం. పక్కమనిషి గురించి అయితే ఉత్సాహంగా చెబుతారు. కాగితాలన్నీ గోడకు అంటిస్తే, నేర్పగలిగినవాళ్లూ నేర్చుకోవాలనుకునేవాళ్లూ ఒకరినొకరు వెతుక్కుంటారు. ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా ఉండే చిన్న బృందాలు అక్కడే పుడతాయి. ఒకటి పాత దస్తావేజులు చదవడానికి కావచ్చు, ఇంకొకటి రాగాలు గుర్తుపట్టడానికి, మరొకటి నక్షత్రాలు చూడడానికి. బృందాలు వారానికోసారి కలవాలి. నెలవారీ సభను తీసేయనక్కర లేదు. అందులో మొదటి అరగంట బృందాలు తాము నేర్చుకున్నది మిగతావారికి చూపించాలి. ప్రతి బృందానికీ ఒక నిర్వాహకులు కావాలి. వారు పండితులు కానక్కర లేదు. తలుపు తీయడం, వేళ గుర్తుచేయడం, ఈ వారం రానివారికి ఫోను చేసి పలకరించడం వారి పని. మూడో పనిని మాత్రం ఎంత తీరిక లేకపోయినా వదలకండి.

ఇదంతా జరిగే పనేనా అన్న అనుమానం మీకు రావచ్చు. మా క్లబ్బులో ఒక దర్జీ గారు ఉన్నారు. ఎప్పుడూ చివరి కుర్చీలో కూర్చునేవారు. ఆయన వంతు వచ్చినప్పుడు ఉపన్యాసం ఇవ్వలేదు. బల్ల మీద జానెడు చదరపు గుడ్డ ముక్క పరిచి, పడుగు, అంటే నిలువు దారాల వెంబడి లాగమన్నారు. లాగాం, సాగలేదు. పేక, అంటే అడ్డు దారాల వెంబడి లాగమన్నారు. అలాగే బిగుసుకుని ఉంది. "ఇప్పుడు ఐమూలగా పట్టుకోండి" అన్నారు. ఎదురెదురు మూలలు పట్టి లాగగానే గుడ్డ పొడుగ్గా సాగింది, నడుమ సన్నబడింది. "దారం సాగలేదు కదా, మరి గుడ్డ ఎలా సాగింది?" అని అడిగి ఊరుకున్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. జేబులోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. వంతులవారీగా వంగి చూశాం. దారాల మధ్య ఉన్న చిన్న చిన్న చతురస్రాలు, లాగినప్పుడు సమచతుర్భుజాలవుతున్నాయి. భుజాల పొడవు మారలేదు, కోణాలు మారాయి. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మే అది. గుడ్డలో ఉంటుందని నాకు తట్టలేదు. మెడ పట్టీకి గుడ్డను ఐమూలగా ఎందుకు కత్తిరిస్తారో అప్పుడు తెలిసింది. అలా కత్తిరించిన పట్టీ వంపు వెంట ముడత పడకుండా ఒదుగుతుంది. ఆ గంటసేపూ గదిలో ఒక్కరు కూడా గడియారం చూడలేదు. మీ సంఘంలో చివరి వరుసలో కూర్చునేదెవరో గమనించండి. మొదటి పాఠం వారిని అడగండి.

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. నేను అయిదో తరగతితో చదువు ఆపేశాను. ఉద్యోగం చేయలేదు కాబట్టి పదవీ విరమణ అన్నదీ లేదు. మా వీధిలో పెద్దల క్లబ్బు పెట్టారు. మావారు వెళతారు. నన్నూ రమ్మంటున్నారు. అందరూ చదువుకున్నవాళ్లు. మంచాన పడిన మా అత్తగారికి తొమ్మిదేళ్లు చాకిరీ చేయడం తప్ప నాకు తెలిసిందేమీ లేదు. వెళ్లి ఏం చేయను?
– ఒక గృహిణి

జవాబు: చెల్లెమ్మా, తప్పకుండా వెళ్లండి. ఉద్యోగానికి ఒక తేదీన విరామం ఇస్తారు. ఇంటి పనికి ఎవరూ ఇవ్వరు. వారంలో ఒక పూట అది మీరు తీసుకోవలసిందే. ఆ పూట ఇంటి పనులు మీవారు చూసుకోవాలి. క్లబ్బు వేళ మీకు కుదరనిదైతే మార్చమని అడగండి. చాలా క్లబ్బులు మగవారికి తీరిక ఉన్న వేళల్లోనే నడుస్తున్నాయి. ఆడవాళ్లు రావడం లేదని తర్వాత వాళ్లే అంటారు.

ఇక మీకు తెలిసిందేమీ లేదన్న మాట. ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్లు మంచాన ఉన్న మనిషిని చూసుకున్నారు. ఉత్తరం చివర "ఆమెకు ఒంటి మీద ఒక్క పుండు పడలేదు" అని కూడా రాశారు. క్లబ్బులోని ప్రతి ఇంటికీ రేపో మాపో కావలసిన విద్య అది. మనిషిని సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిల్లజేయాలని నర్సులు చెబుతారు. ఎందుకంటే ఎముక పరుపుకు ఒరుసుకునే చోట రక్తం ఆడక చర్మం దెబ్బతింటుంది. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర ముందుగా మొదలవుతుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే రంగు మారకపోవడం తొలి హెచ్చరిక. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనిపించకపోవచ్చు. అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి. మనిషిని ఈడ్చకూడదు, మోకాలు మడిచి, భుజం దగ్గరా తుంటి దగ్గరా చేయి వేసి మనవైపు దొర్లించాలి. దుప్పటి ముడత లేకుండా ఉండాలి. ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు బరువైన మనిషిని మన నడుము విరగకుండా ఎలా తిప్పాలో, తిప్పుతున్నప్పుడు వాళ్ల సిగ్గు ఎలా కాపాడాలో మాత్రం చేసినవాళ్లే చూపించాలి. ఒక మంచం, ఒక దిండు అడిగి తీసుకుని, క్లబ్బులో ఎవరినైనా పడుకోబెట్టి చేసి చూపండి. మొదట మగవాళ్లకు నేర్పండి. రేపు ఆ పని వాళ్లకూ పడుతుంది.

అయిదో తరగతి దగ్గర ఆగిన చదువు సంగతీ మరచిపోకండి. ఆ క్లబ్బులో చదవడం, రాయడం నేర్పగలిగినవాళ్లు బోలెడుమంది ఉంటారు. సంకోచించకుండా అడగండి.

ప్రశ్న: మా క్లబ్బులో నక్షత్రాల బృందంలో చేరాను. పటం చూసి పేర్లన్నీ వల్లె వేస్తున్నాను. చదివినప్పుడు వచ్చేసినట్టే ఉంటుంది. మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. డెబ్బై దాటాక కొత్త విద్య ఎక్కదంటారా?
– ఒక విశ్రాంత బస్సు కండక్టర్

జవాబు: ఎక్కుతుందండీ. నెమ్మదిగా ఎక్కుతుంది. వయసుతో మెదడు పనిచేసే వేగం కొంత తగ్గేమాట నిజమే. పదసంపదా లోకజ్ఞానమూ చాలాకాలం నిలిచే ఉంటాయి. కొత్త విషయాన్ని పాత ఎరుకకు తగిలించుకోవడంలో కుర్రవాళ్లకు లేని బలం మీకుంది. ఎన్ని ఊళ్ల పేర్లు, ఎన్ని స్టేజీలు వరుసగా చెప్పినవారు మీరు!

లోపం మీ వయసులో లేదు, వల్లె వేసే పద్ధతిలో ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థుల మీద ఒక పరీక్ష జరిపారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లది పైచేయి. రెండు రోజుల తర్వాతా వారం తర్వాతా చూస్తే గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి. మీకు చదవగానే వచ్చేసినట్టు అనిపించడం, మర్నాటికి పోవడం సరిగ్గా ఇదే. పటం మూసి, కాగితం మీద మీ అంతట మీరు గీయండి. తప్పులు దిద్దుకోండి. మళ్లీ మర్నాడు, ఆపైన మూడు రోజులకు, ఆపైన వారానికి గీయండి. విరామం ఇచ్చి నేర్చిన చదువు నిలుస్తుందని 1885లోనే జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు.

ఆకాశంలో పేర్లు విడివిడిగా నేర్చుకోకండి. దారి పట్టుకుని వెళ్లండి. వేసవి తొలి రాత్రుల్లో ఉత్తరాన సప్తర్షి మండలం పైకెక్కి కనిపిస్తుంది. గరిటె కాడలాంటి దాని తోక వంపును అలాగే ముందుకు సాగదీస్తే, నారింజ రంగులో మెరిసే స్వాతి తగులుతుంది. అదే వంపును ఇంకా ముందుకు లాగితే తెల్లటి చిత్ర. రెండు స్టేజీలు వచ్చేశాయి. చలికాలం వచ్చాక ఓరయన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్రరాశి నడుములోని మూడు చుక్కలను పట్టుకోండి. వాటి గీతను ఒకవైపు పొడిగిస్తే ఎర్రటి రోహిణి, రెండోవైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలో అన్నింటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ వస్తాయి.

ఒక్క మాట. పేర్లు మరచిపోవడం వేరు. తెలిసిన దారిలో ఇంటికి రావడం తెలియకపోవడం, రోజూ వాడే వస్తువు ఎందుకో తోచకపోవడం వేరు. ఆ రెండో రకం కనిపిస్తే వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు రెండేళ్లుగా పెద్దల క్లబ్బుకు ఇష్టంగా వెళ్లేవారు. ఈ మధ్య మానేశారు. "అంతా గొణుగుడు, ఎవరికీ మాట్లాడడం రాదు" అంటున్నారు. ఇంట్లో టీవీ మాత్రం వీధికి వినబడేంత పెద్దగా పెడుతున్నారు. మళ్లీ పంపడం ఎలా?
– ఒక కూతురు

జవాబు: అమ్మాయీ, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. టీవీ గురించి రాసిన వాక్యం మళ్లీ చదువు. నాన్నగారికి ముందు వినికిడి పరీక్ష చేయించు.

వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ సమానంగా తీసుకుపోదు. ముందుగా హెచ్చు పౌనఃపున్యం గల సన్నని శబ్దాలు పోతాయి. స, శ, ట, ప వంటి హల్లులు అందులో పడతాయి. అచ్చులు మాత్రం వినబడుతూనే ఉంటాయి. అందుకే అలాంటివారు "వినబడుతోంది, అర్థం కావడం లేదు" అంటారు. ఎదుటివాళ్లు గొణుగుతున్నారని నిజంగానే నమ్ముతారు. చుట్టూ నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇక ఏమీ తెలియదు. నవ్విన చోట నవ్వలేక, అడిగినదానికి వేరే జవాబు చెప్పి, ఆ అవమానం భరించలేక మానేస్తారు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు, జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే డిమెన్షియా జబ్బు ముప్పును పెంచే కారణాల్లో మనం మార్చుకోగలిగినవి 14 అని లెక్క తేల్చారు. వినికిడి లోపం అందులో ఒకటి, నలుగురికీ దూరంగా ఉండిపోవడం ఇంకొకటి. మీ నాన్నగారి విషయంలో మొదటిది రెండోదానికి దారితీస్తోంది.

వినికిడి యంత్రం అవసరమైతే పెట్టించు. మొదటి వారాల్లో చప్పుళ్లన్నీ మీదపడినట్టుంటుంది. అలవాటు పడేదాకా ఓపిక పట్టమని చెప్పు. నువ్వే ఒకసారి క్లబ్బుకు వెళ్లి నిర్వాహకులతో మాట్లాడు. కుర్చీలు వరుసల్లో కాకుండా గుండ్రంగా వేయాలి. మాట్లాడేవారు కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు, ముఖం చీకటై పెదవులు కనబడవు. ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. కేకలు వేయడం వల్ల ఉపయోగం లేదు. నెమ్మదిగా, తేటగా, ఎదురుగా చూస్తూ మాట్లాడాలి. రొద చేసే ఫ్యాను కింద నాన్నగారిని కూర్చోబెట్టకూడదు. ఇవన్నీ ఆయన ఒక్కరి కోసమే అనుకోనక్కర లేదు. ఆ గదిలో పైకి చెప్పకుండా అదే బాధ పడుతున్నవాళ్లు ఇంకా ఉంటారు.

ప్రశ్న: మావారు విరమించాక గది దాటి రావడం లేదు. క్లబ్బుకు వెళ్లమంటే "కూర్చుని కబుర్లాడడం నా వల్ల కాదు" అంటారు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశారు.
– ఒక గృహిణి

జవాబు: అయితే కబుర్లకు పిలవకండి, పనికి పిలవండి. ఆస్ట్రేలియాలో 1990లలో ఇలాంటి మగవాళ్ల కోసమే 'మెన్స్ షెడ్' అనే పనిశాలలు మొదలయ్యాయి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేనివాళ్లు, పక్కపక్కన నిలబడి పనిచేస్తూ మాట్లాడతారన్నది వాళ్ల అనుభవం. క్లబ్బులో ఊగే కుర్చీలు, పట్టని తలుపులు ఎక్కడైనా ఉంటాయి. నిర్వాహకులు స్వయంగా ఇంటికి వచ్చి, "ఇది మా వల్ల కావడం లేదు, మీరొకసారి చూడాలి" అని అడగాలి. మీరు అడిగితే పోరు పెడుతున్నారనుకుంటారు. బయటివాళ్లు అడిగితే అవసరం అనుకుంటారు. నిద్ర, ఆకలి కూడా తగ్గి వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం వయసు వల్ల అని సరిపెట్టుకోకండి, వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా క్లబ్బులో ఏ పాఠం మొదలుపెట్టినా పావుగంటలో రాజకీయాల్లోకి వెళ్లి కొట్లాటగా మారుతోంది. రాజకీయాలను నిషేధించాలా?
– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి

జవాబు: నిషేధం నిలవదు. రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారికి వేరే బృందం పెట్టండి. అక్కడ ఒకే నియమం: ఎదుటివారి వాదనను వారు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే తన మాట చెప్పాలి. మిగతా బృందాల్లో పాఠం దారి తప్పితే వెనక్కి తెచ్చే బాధ్యత నిర్వాహకులది. ఎవరైనా అదేపనిగా మాట్లాడుతుంటే అందరి ముందు ఆపకండి, తర్వాత పక్కకు పిలిచి చెప్పండి.

ప్రశ్న: మా క్లబ్బులో ఫోను వాడకం నేర్పుతున్నారు. నేర్పే కుర్రాడు మంచివాడే కానీ, నా చేతిలోంచి ఫోను తీసుకుని టకటకా నొక్కి, "అంతే అంకుల్" అని ఇచ్చేస్తాడు. నాకేమీ రావడం లేదు. మొహమాటం కొద్దీ అడగలేకపోతున్నాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, పిల్లవాడి చేతిలోంచి పలక లాక్కుని మనమే అక్షరం దిద్దితే వాడికి రాదని మీకు నేను చెప్పాలా? ఆ అబ్బాయికి ఆ మాటే ప్రేమగా చెప్పండి. మా క్లబ్బులో ఫోను పాఠానికి ఒక నియమం పెట్టుకున్నాం. నేర్పేవారు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి, తెర మీద వేలు నేర్చుకునేవారిదే కావాలి. పని పూర్తయ్యాక మొదటి తెరకు తిరిగి వచ్చి, ఏమీ చెప్పించుకోకుండా ఇంకోసారి చేయాలి. ఆ మెట్లను మీ చేతిరాతతో నోటుపుస్తకంలో రాసుకోండి. అక్షరాల పరిమాణం ఎలా పెంచాలో మొదటి రోజునే నేర్చుకోండి. డబ్బు పంపే పాఠం చివరికి పెట్టుకోండి. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఫోనులో ఎవరు అడిగినా, బ్యాంకు అధికారినని చెప్పినా, చెప్పకూడదన్న పాఠం దానికన్నా ముందు రావాలి.